జాదూఘర్: కుంకుడు గింజ

పోయిన వారం మనం హన్మకొండ సుబేదారిలో, ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘం వాళ్ల పాత లాడ్జి హాల్లో, కిషన్ రావును ఒక నల్ల గింజ ఎదుట కూర్చోబెట్టి వచ్చేశాం. వినయ్ అనే కుర్ర హార్డ్‌వేర్ వ్యాపారిని సభ్యుడిగా చేర్చుకోవాలా వద్దా అని ఆరుగురు ముసలివాళ్లు రహస్యంగా ఓటు వేశారు. అయిదు తెల్ల గోళీలు పడ్డాయి, ఒక నల్లది పడింది. ఫ్రీమేసన్ల పద్ధతిలో ఒక్క నల్లది చాలు, మనిషి గడప బయటే ఆగిపోతాడు. ఇక్కడ వినయ్ ఆగిపోతే లాడ్జి కూడా ఆగిపోతుంది. ఏడుగురు లేనిదే ఆ హాల్లో సభ జరపకూడదు. ఓటు లేని కాపలా బ్రదర్ యాకయ్యను కలుపుకుంటేనే ఇప్పుడు ఏడుగురు. వాళ్లలో కట్టయ్య కిడ్నీల జబ్బుతో వచ్చే నెల హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. లాడ్జి మూతపడితే ఈ స్థలం దాత వారసులకు తిరిగి వెళుతుంది. బిల్డర్ భరత్ ఆ వారసులను అప్పుడే కలిసి వచ్చాడు.

ఇక హాల్లోకి వెళదాం.

పైన ఫ్యాను ఒక రెక్క వంగిపోయి కుయ్యోమంటూ తిరుగుతోంది. కిషన్ రావు లాడ్జి పెద్దగా మాస్టర్ కుర్చీలో కూర్చుని, సొరుగులో ఉన్న నల్ల గింజనే చూస్తున్నాడు. అది నిజానికి కుంకుడు గింజ. తెల్లదొరల కాలంలో వచ్చిన నల్ల గోళీలు ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లలో ఎవరికీ వాటి అవసరం పడలేదు కాబట్టి ఎవరూ వెతకలేదు. కిషన్ రావు భార్య శారద ఒకసారి తలంటుకు కుంకుళ్లు కొడుతుంటే, ఆయన గుప్పెడు గింజలు ఏరి తెచ్చి పెట్టెలో పోశాడు. ఉండాలి కాబట్టి ఉన్నాయి అంతే.

"మాస్టర్, ఫలితం చెప్పున్రి," అన్నాడు డాక్టర్ తిరుమల. ఆయన పళ్ల డాక్టరు. ఆదివారం కూడా ఆయన దగ్గర లవంగనూనె వాసన వస్తుంది.

"చెప్త. జర ఆగు."

కిషన్ రావు ఆగడానికి కారణం ఉంది. లాడ్జి నియమాల్లో రెండు మాటలున్నాయి. మొదటిది: ఒక్కటే నల్లది వస్తే, అది పొరపాటున పడిందేమోనని మాస్టర్ ఆ రోజే రెండోసారి ఓటు వేయించవచ్చు. రెండోసారీ వస్తే ఇక అంతే, మూడోసారి లేదు. రెండో మాట ఇంకా కఠినం. ఎవరు వేశారని అడగకూడదు. నేను వేశానని చెప్పకూడదు. అడిగినవాడైనా, చెప్పినవాడైనా, సభ్యుడి గుర్తుగా నడుముకు కట్టుకునే ఏప్రాన్ విప్పి పెట్టి వెళ్లిపోవాలి.

కిషన్ రావు చెక్కసుత్తితో బల్ల మీద ఒకసారి కొట్టాడు.

"బ్రదర్స్, చాయ్ తాగుదాం. చాయ్ అయినంక ఇంకోసారి ఓటు."

"మంచిది," అన్నాడు కట్టయ్య వెంటనే. "చక్కెర లేకుండ ఒకటి చెప్పున్రి. ఉన్నా నాకేం ఫికర్ లేదు గనీ, మా బిడ్డకు తెలుస్తే నన్ను ఇంట్లకు రానియ్యది."

ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి కమీషన్ వ్యాపారం నడిపే అన్నదమ్ములిద్దరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నవ్వుతున్న ప్రతివాడూ ఎదుటివాడి చేతులవైపు చూస్తున్నాడని అందరికీ తెలిసిపోయింది.

*

వెనుక వసారాలో ఎండ ఇంకా తగ్గలేదు. వేపచెట్టు కింద యాకయ్య స్టవ్వు వెలిగించి చాయ్ మరిగిస్తున్నాడు. తలుపు బయట కాపలా ఉన్నంతసేపు చేతిలో ఉండే కత్తిని ఇప్పుడు కుర్చీకి ఆనించాడు. పదును ఎప్పుడో పోయిన కత్తి అది. వెనకటికి ఈ బంగళా ముందు నుంచి నడవాలంటే జనం భయపడేవాళ్లు. రైలుమార్గం వేయడానికొచ్చిన ఇంజనీర్లు, పల్టన్లోని సైనిక దొరలు కట్టుకున్న లాడ్జి. కిటికీలు మూసుకుని లోపల ఏం చేస్తారో బయటికి చెప్పేవాళ్లు కారు. అందుకని ఊరివాళ్లు జాదూఘర్, అంటే మాయల ఇల్లు, అని పేరు పెట్టారు. దొరలు పోయారు. తరువాత నిజాం సర్కారు ఉద్యోగులు వచ్చారు, వాళ్ల వెనుక బజారు వ్యాపారులు వచ్చారు. కిషన్ రావు తండ్రి మొదటిరోజు భగవద్గీత మీద చేయి వేసి ప్రమాణం చేసి ఇంటికి వెళితే, ఆయన తల్లి గుమ్మంలోనే ఆపి నెత్తిన పసుపునీళ్లు గుమ్మరించిందట.

ఆ తండ్రే హాలు నేల మీద పరిచే తివాచీ తెచ్చాడు. లాడ్జి నేల నలుపు తెలుపు గళ్లతో ఉండాలి. ఇంగ్లండు నుంచి తెప్పించే స్తోమత లేక కొత్తవాడ మగ్గం మీద జంపఖానా నేయించాడు. ఒట్టి నలుపు తెలుపు అశుభమని, వద్దన్నా వినకుండా నేతగాడే అంచున ఎర్ర పోగు వేసేశాడు. దేశంలో ఏ లాడ్జిలోనూ లేని ఎర్ర అంచు ఇక్కడే ఉంది. కిషన్ రావు ఇప్పటికీ అదే జంపఖానాల దుకాణం నడుపుతున్నాడు. నడుపుతున్నాడు అనడం కంటే, రోజూ షట్టరు తీసి దించుతున్నాడు అనాలి.

ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని వసారా చివరికి నడిచాడు. అక్కడ హరికృష్ణ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లాడ్జి సెక్రటరీ. హన్మకొండ కోర్టులో వకీలు. ఇద్దరూ ఒకే బడి, ఒకే బెంచీ. ఒకేరోజు సభ్యులుగా చేరుతూ, ఆచారం ప్రకారం కళ్లకు గంతలు కట్టించుకుని ఈ హాల్లోకి నడిచారు.

"ఎవలైయుంటరురా?" అన్నాడు కిషన్ రావు.

హరికృష్ణ గ్లాసులోకి ఊదాడు. "అడగద్దు కిషనూ. నీకు తెల్వదా?"

"తెల్సు. అయినా అడుగుతాన. నాకు ఓపిక లేదురా. మార్కెటోళ్లా? వాళ్లకు వినయ్ వాళ్ల నాయినతోని పాత పంచాయితీ ఏమన్న ఉన్నదా?"

"వాళ్లు గాదు."

"తిరుమలా?"

"ఆయన పన్ను పీకేటప్పుడే ఎదుటోని మొకం చూడలేక కండ్లు మూసుకుంటడు. ఆయన నల్లది ఏస్తడా?"

కిషన్ రావుకు నవ్వు రావలసింది. రాలేదు. ఎదురుగా ఉన్న ముఖంలో కూడా నవ్వు లేదు.

"మరి?"

హరికృష్ణ గ్లాసు గోడ మీద పెట్టాడు. "నేనే," అన్నాడు.

వేపచెట్టు కింద యాకయ్య ఎవరికో రెండో గ్లాసు పోస్తున్న చప్పుడు వినబడింది. కిషన్ రావు చుట్టూ చూశాడు. ఎవరూ దగ్గరలో లేరు.

"నువ్వా?"

"నేనే ఏసిన. చెప్పద్దు, చెప్పిన. కావాల్నంటే లోపలికి పోయి సుత్తి కొట్టి నన్ను ఎల్లగొట్టు."

"ఎందుకురా? ఆ పిల్లగాన్ని పట్టుకొచ్చింది నేను. నెల రోజులు వాని దుకాణం సుట్టు తిరిగిన. ఒక్కడన్న దొరికిండని..."

"దొరికిండు. ఎవనికి దొరికిండు? నీకా, భరత్‌కా?" హరికృష్ణ ఆయన భుజం పట్టుకుని ప్రహరీ వైపు తిప్పాడు. "గా రోడ్డు అవుతల జూడు."

రోడ్డుకు అవతల చాయ్ బండి. దాని పక్కన తెల్ల కారు. కారు కిటికీ సగం దించి ఉంది. కిటికీకి వంగి మాట్లాడుతున్నవాడు వినయ్. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుట కుంకుమ పెట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు తయారై వచ్చాడు. లోపల కూర్చున్నవాడి ముఖం కనబడలేదు. కనబడనక్కర్లేదు. ఆ కారు నంబరు హన్మకొండలో ఆటోవాళ్లకు కూడా తెలుసు.

కిషన్ రావు కళ్లు చిట్లించి ఆ కారునే చూశాడు. గోడ పట్టుకున్నాడు.

"ఏం మాట్లాడుతాండో తెల్వదు గదరా..."

"తెల్సుకొని ఏం జేస్తవ్? వాన్ని లోపలికి తీస్కుంటవ్. రెండేండ్లల్ల సెక్రటరీ అయితడు. ఇంకో రెండేండ్లకు మాస్టర్. అప్పటికి మనం ఉంటమా? లాడ్జి చార్టర్ కాయిదం వాని చేతుల ఉంటది, తాళపుచెవి వాని చేతుల ఉంటది. మన పేరు మీదనే, మన లాడ్జి ముద్ర కొట్టే ఇస్తడు భరత్‌కు. వరంగల్ల ఏమంటరు? మన ముసలోళ్లే అమ్ముకున్నరు అంటరు."

"ఇప్పుడు మూసేస్తే మాత్రం జాగ పోదా?"

"పోతది. వారసులకు పోతది. వాళ్లేమన్న చేసుకోనీ. మన చేతి మీద పోవద్దు, అంతే నేననేది."

హరికృష్ణ గొంతు తగ్గించాడు. అది కోర్టులో వాదించే గొంతు కాదు. బడి బెంచీ మీద గుసగుసలాడిన గొంతు.

"నువ్వు ఎన్నేండ్లాయె ఆ కుర్చీల కూసోబట్టి? దిగుదామంటే ఎక్కేటోడు లేడు. ఏప్రాన్లు ఉతికేది శారదమ్మ. గబ్బిలాల కంపు కడిగేది యాకయ్య. కరెంటు బిల్లు కట్టేది నువ్వు. మంత్రాలు మర్చిపోతే అందిచ్చేది నేను. కట్టయ్య సభ నడుమల గుర్రు పెడుతడు. ఇది లాడ్జి గాదు కిషనూ, ఐసీయూ. పైపులు మనం పట్టుకొని నిలబడ్డం. ఎవడన్న ఒకడు పైపు తీసేయాలె. నేను తీసిన. రెండోసారి గూడ తీస్త. నువ్వు నన్ను ఒక్కన్ని చేయకు."

"అంటే?"

"అంటే ఏం లేదు. ఇద్దరం కలిసి వచ్చినం. ఇద్దరం కలిసే ముగిద్దాం. ఇజ్జత్‌తోని."

లోపలి నుంచి తిరుమల పిలిచాడు. యాకయ్య కత్తి అందుకుని తలుపు దగ్గరికి నడిచాడు. కిషన్ రావు చాయ్ తాగలేదని అప్పుడు గమనించాడు. పైన మీగడ కట్టింది. అలాగే పారబోశాడు.

నిన్న రాత్రి అన్నం వడ్డిస్తూ శారద అన్న మాట గుర్తొచ్చింది. "ఆ జాదూఘర్ మిమ్ముల్ని మింగుతాంది. అది మూతపడితే నేను పాలకుర్తి పోయి సోమన్నకు కొబ్బరికాయ కొట్టొస్త." ఆయనప్పుడు కసురుకున్నాడు. ఇప్పుడు ఆ కొబ్బరికాయ మాట ఎందుకో చల్లగా తగిలింది.

*

పెట్టె మళ్లీ తిరిగింది.

అది నల్లమద్దితో చేసిన చిన్న పెట్టె. ముందువైపు గొట్టంలాంటి రంధ్రం ఉంటుంది. చేయి మణికట్టు దాకా లోపలికి పోతుంది. లోపల ఒక అరలో తెల్ల గోళీలు, కుంకుడు గింజలు కలిసి ఉంటాయి. వేళ్లతో తడిమి ఒకటి తీసి, వెనుక సొరుగులోకి జారవిడవాలి. సొరుగులో ముఖమల్ గుడ్డ పరిచి ఉంటుంది. ఏది పడినా చప్పుడు కాదు. వేసేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

మార్కెట్ అన్నదమ్ములు వేశారు. తిరుమల కళ్లు మూసుకుని వేశాడు. కట్టయ్య ఈసారి పెట్టెను ఒళ్లో పెట్టుకుని, రంధ్రంలోకి తొంగిచూసి, తీరిగ్గా వేశాడు. ఎవరో దగ్గారు. హరికృష్ణ వేశాడు. వేసి, తలెత్తి కిషన్ రావు కళ్లలోకి ఒకసారి చూశాడు.

పెట్టె మాస్టర్ ముందుకు వచ్చింది.

కిషన్ రావు చేయి పెట్టాడు. తెల్లగోళీ చల్లగా, బరువుగా ఉంది. గింజ తేలిగ్గా, ఒక కొసన కాస్త గరుకుగా ఉంది. రెండూ ఒకసారి వేళ్లకు తగిలాయి. ఆయనకు వినయ్ గుర్తుకు రాలేదు. భరత్ గుర్తుకు రాలేదు. తండ్రి కూడా గుర్తుకు రాలేదు. రేపు పొద్దున ఈ హాలు తాళం తీయనక్కర్లేదు అన్నది ఒక్కటే గుర్తొచ్చింది. దోసగింజంత సుఖం అది.

గింజను జారవిడిచాడు.

చేయి బయటికి తీశాక భుజాలు తేలికయ్యాయి. ఎలాగూ హరికృష్ణది ఒకటి ఉంది. తనది రెండోది. ఒకటైనా రెండైనా ఫలితం ఒకటే. తను కొత్తగా చేసిందేమీ లేదు. స్నేహితుడి పక్కన నిలబడ్డాడు, అంతే.

సొరుగు లాగాడు.

తెల్లవి అయిదు. నల్లది ఒకటి.

కిషన్ రావు గుడ్డ మడతల్లో వేలు పెట్టి వెతికాడు. సొరుగు పూర్తిగా బయటికి లాగి తలకిందులుగా పట్టి చూశాడు. ఇంకేమీ లేదు. ఒక్కటే గింజ. అది తనది.

ఆయన నెమ్మదిగా తలెత్తాడు. హరికృష్ణ కలం మూత తీసి రాయడానికి సిద్ధంగా కూర్చున్నాడు. చూపు కాగితం మీదే ఉంది.

"ఫలితం చెప్పున్రి, మాస్టర్," అన్నాడు. అందరి ముందు ఎప్పుడూ అనే గౌరవంతోనే అన్నాడు.

కిషన్ రావుకు అర్థమైంది. చాలా ఆలస్యంగా, ఒక్కసారిగా అర్థమైంది. హరికృష్ణ తెల్లది వేశాడు. వసారాలో అన్న మాటకు సాక్షి లేడు. ఇప్పుడు ఈ లాడ్జిని మూసింది హరికృష్ణ కాదు, భరత్ కాదు. తొమ్మిదేళ్లుగా దీన్ని మోసిన చేయి.

ఆయన సుత్తి అందుకున్నాడు. కొట్టలేదు. పక్కన పెట్టేశాడు.

"బ్రదర్స్. ఈ గింజ నాది."

అన్నదమ్ములిద్దరూ సొరుగు వైపు వంగారు.

"ఏమంటానవ్ కిషనన్నా?" అన్నాడు అడ్తి అన్నదమ్ముల్లో పెద్దవాడు.

"నాదే. నేనే ఏసిన. తప్పుజేసిన. వినయ్‌ను వద్దనుకునేటోళ్లు ఈడ ఎవలూ లేరు. నన్ను తీసేయున్రి, వాన్ని తీస్కోన్రి."

తిరుమల కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎట్ల తీస్కుంటం మాస్టర్? ఓటు బయట పెట్టినోడు లాడ్జిల ఉండద్దు. కట్టయ్య పోతాండు. నువ్వు పోతవ్. పిల్లగాడు వచ్చినా మళ్ల ఆరుగురమే. నువ్వు చెప్పినా మూతే, చెప్పకున్నా మూతే."

హరికృష్ణ కలం మూత పెట్టాడు. ఈ లెక్క ఆయన ముందే వేసుకున్నాడని ఆ మూత చప్పుడుతో తెలిసిపోయింది.

"నాకొకటి అర్థం గాలే," అన్నాడు కట్టయ్య.

అందరూ అటు తిరిగారు. కట్టయ్య వాచిన చేతివేళ్లను చూసుకుంటున్నాడు.

"కిషనూ, నువ్వు మొదటిసారి గూడ నల్లదే ఏసినవా?"

"లేదు. తెల్లదే ఏసిన."

"గదే మరి. మొదటిసారి ఏసింది నేను. షుగరుతోని నా ఏళ్లకు సోయి లేదు. ఏది గోళియో ఏది గింజో తెల్వకుండ ఏసేసిన. సొరుగు తియ్యంగనే నా పానం గుభేలుమన్నది. చెప్పుదామంటే చెప్పద్దాయె. అందుకే ఈసారి కండ్లతోని చూసి తెల్లది ఏసిన. అంతా సక్కగైతదనుకున్న." ఆయన ఆగి, అమాయకంగా చుట్టూ చూశాడు. "చెప్పినందుకు నన్ను తీసేస్తరా? తీసేయున్రి. నేను ఎట్లనన్న పోయేటోన్నే. గనీ నడుమల నీకేం పుట్టిందే కిషనూ?"

కిషన్ రావు ఆ ఒక్క గింజనే చూశాడు. పొరపాటు పడుతుందనే రెండోసారి ఓటు పెట్టారు. అడిగితే చెడుతుందనే అడగొద్దన్నారు. ఎప్పుడో పోయిన దొరలు ఈ ముసలివేళ్లను కూడా లెక్కలో వేసుకునే ఆ రెండు నియమాలు రాశారు. తను నోరు మూసుకుని చాయ్ తాగి ఉంటే, ఈపాటికి ఆరు తెల్లవి పడి ఉండేవి.

హరికృష్ణ ఏ గింజా వేయలేదు. రెండుసార్లూ.

"హరీ," అన్నాడు కిషన్ రావు. పిలుపులో కోపం లేదు. కోపానికి కూడా బలం కావాలి. "నేనే ఏసిన అన్నవు గదరా."

మార్కెట్ అన్నదమ్ములు కుర్చీల్లోంచి లేచారు. తిరుమల కళ్లద్దాలు చేతిలోనే ఉండిపోయాయి. హరికృష్ణ ఎవరినీ చూడలేదు. రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి, నడుముకున్న ఏప్రాన్ ముడి విప్పాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు.

"అవ్, నేనే అన్న," అన్నాడు. "అవద్ధమాడిన. ఎందుకాడిన్నో భరత్‌ను అడగకు, నన్నే అడుగు, చెప్త. ముందుగాల నువ్వొకటి చెప్పు. నేను నిన్ను నమ్మించిన్నా? నువ్వే నమ్మాల్ననుకున్నవా?"

కిషన్ రావు ఆ మడతల మీద చేయి వేశాడు.

అప్పుడే బయటి నుంచి తలుపు మీద కత్తిపిడితో కొట్టిన చప్పుడు వినబడింది. సభ జరుగుతుండగా కాపలా బ్రదర్ తలుపు కొట్టాడంటే బయట ఎవరో వచ్చినట్టు. తిరుమల వెళ్లి తలుపు కొద్దిగా తీశాడు. సందులోంచి యాకయ్య చెమట ముఖం కనబడింది.

"మాస్టర్ సారూ," అన్నాడు యాకయ్య. "వినయ్ గేటు దాటి మెట్ల కాడికి వచ్చిండు. ఆ తెల్లకారు గూడ లోపటికే వచ్చి ఆగింది. ఎవరి ఎంబడి ఎవరొచ్చిండ్రో నాకు సమజైతలేదు. పిల్లగాడు మాత్రం గట్టిగనే అడుగుతాండు, రమ్మంటరా, పొమ్మంటరా అని."

తలుపు సందులోని యాకయ్యతో కలిపి ఆరుగురూ కిషన్ రావు వైపు చూశారు. రమ్మనడమో, పొమ్మనడమో, మాస్టర్‌గా ఆయన చెప్పగలిగిన ఆఖరి మాట అదే.